బస్సు తిరిగే చోటు

ప్లాటు నెం. 40, భవానీపురం దాటాక,
విజయవాడ.
20 జనవరి 1974

వదినగారికి, మీ మరదలు మార్త వందనాలు.

మేము సొంత ఇంట్లో దిగి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. పెట్టెలు విప్పడం, రూతుని కొత్త బడిలో వెయ్యడం, మీ తమ్ముడిగారి ఆఫీసు కాగితాలు ఏ పెట్టెలో పోయాయో వెతకడం, వీటితోనే సరిపోయింది. ఉత్తరం ఆలస్యమైనందుకు కోప్పడకండి.

వన్ టౌన్లో మేం అద్దెకున్న ఇల్లు మీకు తెలుసుగా. కిటికీ తీస్తే ఎండుమిరపకాయల గోడౌను. ఏడేళ్ళు తుమ్ముతూనే కాపురం చేశాం. ఇక్కడ కిటికీ తీస్తే కృష్ణ మీంచి గాలి వస్తుంది. తూర్పు వైపు దుర్గమ్మ కొండ కనిపిస్తుంది. పొద్దున్నే రూతు గుమ్మంలో నిలబడి, కొండ వెనకనుంచి సూర్యుడు బయటికొచ్చేదాకా పళ్ళు తోముకుంటూనే ఉంటుంది. ఏడేళ్ళ పిల్ల, ఇంతకు ముందు సూర్యుణ్ణి మేడల మధ్య ముక్కలుగానే చూసింది.

ఆరేళ్ళ కిందట ఆఫీసుల గుమాస్తాలంతా కలిసి ఇళ్ళ స్థలాల సంఘం పెట్టుకున్నప్పుడు, మీ తమ్ముడు మీ చేత కూడా సంతకం పెట్టించారు గుర్తుందా? అప్పుడిది జొన్నచేను. ఇప్పుడు అరవై రెండు ప్లాట్లు. ఇళ్ళు మాత్రం తొమ్మిదే లేచాయి. మాది నలభై. మా పక్కనున్న నలభై ఒకటి మీది. రోడ్డు చివర మూల స్థలం, రెండు వైపులా గాలి. మా ఇంటికెదురుగా పెద్ద పార్కు ఉంది. బస్సుకి కూడా ఇబ్బందేమీ లేదు, ఇంటికి దగ్గరే.

డిసెంబరులో మీరు రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకుని మా పక్కనే ఉండాలి. ఈ వేసవికి ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి.

మీ మార్త


నర్సుల క్వార్టర్సు, చల్లపల్లి.
3 ఫిబ్రవరి 1974

మార్తకి,

నీ ఉత్తరం వచ్చిన రోజే తమ్ముడి కార్డు కూడా వచ్చింది. నువ్వు నాలుగు పేజీలు రాశావు. వాడు నాలుగు లైన్లు రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

బస్సు ఇంటికి దగ్గరే అన్నావు నువ్వు. నెల తిరక్కుండానే చెప్పులు రెండోసారి కుట్టించానన్నాడు వాడు. పెద్ద పార్కు ఉందన్నావు నువ్వు. నిన్న పార్కులో పాముని చంపామన్నాడు వాడు. మీ ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటున్నారా అని నాకు అనుమానం వచ్చింది.

నాకు యాభై నాలుగేళ్ళు నిండాయి. సంజీవరావుని ఎత్తుకుని తిప్పిన దాన్ని, వాడు ఏ మాట ఎందుకు తగ్గించి రాస్తాడో నాకు తెలుసు. నువ్వు ఎందుకు పెంచి రాస్తావో కూడా ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నేను రావాలని నీకు ఆశ. అది మంచిదే. కాని ఇరవై తొమ్మిదేళ్ళుగా నేనుంటున్న ఈ క్వార్టర్సు గేటు ముందే బస్సు ఆగుతుంది. బందరు వెళ్ళాలన్నా, అవనిగడ్డ వెళ్ళాలన్నా గొడుగు తెరవక్కర్లేదు. రిటైరయ్యాక ఉండటానికి ఈ రోడ్డు మీదే రెండు గదులు చూసుకున్నాను. నలభై ఒకటి సంగతి తరవాత ఆలోచిద్దాం.

ఈసారి నిజం రాయి. నొప్పి ఎక్కడో చెప్పని మనిషికి నేను మందివ్వలేను.

సంపూర్ణమ్మ


ప్లాటు నెం. 40, విజయవాడ.
10 మార్చి 1974

వదినగారికి,

పట్టేశారు. ఇక నిజమే రాస్తాను.

బస్సు భవానీపురం మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్ణించి మైలుంబావు నడక. రిక్షావాళ్ళు సగం దూరం వచ్చి, "ఇసకలో చక్రం దిగబడతందమ్మా, ఇక్కడ దిగిపోండి" అంటారు. మొదటి పది రోజులూ నేను ఏడ్చాను. మీ తమ్ముడు ఆఫీసుకెళ్ళాక ఏడ్చి, రూతు బడినుంచి వచ్చేలోపు మొహం కడుక్కునేదాన్ని. ఆయనకి ఇప్పటికీ తెలియదు. మీరు రాయకండి.

ఒకరోజు కూరల సంచీతో వస్తూ వస్తూ దారిలో ఒక గట్టు మీద కూలబడ్డాను. నెత్తిన ఖాళీ గంపతో ఒకామె వచ్చి నా ముందు ఆగింది.

"కొత్తగా వచ్చారా అమ్మా?" అంది.

అవునన్నాను.

"మూడు వారాలు ఏడుపొస్తది. తరవాత దారి పొట్టిదైపోద్ది" అని, నా సంచీ తీసి తన గంపలో పడేసుకుని ముందు నడిచింది.

ఆమె పేరు నాంచారమ్మ. మన లేఅవుటుకీ నదికీ మధ్య పన్నెండు పాకలున్నాయి. చేపలు పట్టుకునేవాళ్ళు. జొన్నచేను ప్లాట్లుగా మారకముందునుంచీ ఉన్నారు. ఆమె మొగుడు పోతురాజు తెల్లారేసరికి పడవలోంచి చేపలు దింపితే, ఆమె వాటిని నెత్తిన పెట్టుకుని వన్ టౌన్ మార్కెట్టుకి నడిచి వెళ్ళి, అమ్ముకుని, మళ్ళీ నడిచి వస్తుంది. అన్నట్టు, మూడు వారాలకి దారి పొట్టిదవుతుందన్న ఆమె లెక్క సరిగ్గానే తేలింది.

పార్కు సంగతి. బ్లూప్రింటులో పచ్చరంగు వేసుంది గాని, నిజానికి అంతా తుమ్మముళ్ళు. పోయిన నెల నేనూ పక్కిళ్ళ ఆడవాళ్ళూ కలిసి కొట్టడం మొదలుపెట్టాం. మా చేతులు చూసి నాంచారమ్మ నవ్వి, పాకల్లోంచి ఏడుగుర్ని పిలుచుకొచ్చింది. నాలుగు ఆదివారాల్లో నేల బయటపడింది. పోతురాజు పాత పడవల కొయ్యలు పాతి, మోకులు కట్టి మూడు ఉయ్యాలలు వేశాడు. మన పిల్లలూ పాకల పిల్లలూ వరస కట్టారు. రూతుకి అన్నానికి పిలిస్తే వినపడటం లేదు.

అప్పుడు మా సంఘం అధ్యక్షుడు వెంకటకృష్ణారావుగారు వచ్చారు. ట్రెజరీలో హెడ్ గుమాస్తా. చంకలో బ్లూప్రింటు చుట్ట లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"పార్కు స్థలంలో కట్టడాలకి తీర్మానం కావాలండీ" అన్నారు.

"ఇవి కట్టడాలు కావండీ, ఉయ్యాలలు" అన్నాను.

"నేలలో పాతారా, లేదా?"

"పాతామండీ."

"అయితే కట్టడమే. పైగా ఇది సభ్యుల పిల్లలకి ఉద్దేశించిన స్థలం" అని పాకల పిల్లల వైపు చూశారు.

నాంచారమ్మ ముందుకొచ్చింది. "అయ్యగారూ, నేల మీది. కర్రలు మావి, మోకు మాది. పిల్లలు ఊగేది గాల్లో కదండీ. గాలెవరిది?"

ఆయన నిజంగానే బ్లూప్రింటు విప్పారు వదినగారూ. చాలాసేపు చూశారు. "గాలి సంగతి ఇందులో లేదు" అని చుట్టేసుకుని వెళ్ళిపోయారు. మేం ఆయన మలుపు తిరిగేదాకా ఆగి నవ్వాం.

మీ మార్త


చల్లపల్లి.
14 ఏప్రిల్ 1974

మార్తకి,

నీ ఉత్తరం వార్డులో చదివాను. గాలెవరిది అన్న చోట నవ్వు ఆగక, ఇంజెక్షను వేయించుకోవాల్సిన ముసలాయన భయపడి లేచి కూర్చున్నాడు. ఆ నాంచారమ్మని నేను అడిగానని చెప్పు.

మందుల డబ్బా ఒకటి పంపుతున్నాను. దూది, టించరు, కట్లు, జ్వరం బిళ్ళలు ఉన్నాయి. వేటిని ఎప్పుడు వాడాలో చీటీ రాసి పెట్టాను. మా ఊరి నుంచి బెజవాడ బస్సు నడిపే డ్రైవరు కాశీరావు తెస్తాడు. బస్టాండులో తమ్ముణ్ణి తీసుకోమను. పాకలవాళ్ళకి కూడా ఆ డబ్బానే వాడు. చెరొక డబ్బా అనుకోవద్దు.

పాములున్న చోట చీకటి పడ్డాక కర్రతో నేల తడుతూ నడవండి. రూతుని చెప్పులు లేకుండా పంపకు.

నువ్వు ఏడ్చిన సంగతి వాడికి రాయలేదు. కాని చెప్పు. వాడు అంత మొద్దు కాదు.

సంపూర్ణమ్మ


ప్లాటు నెం. 40, విజయవాడ.
22 జూన్ 1974

వదినగారికి,

డబ్బా అందింది. పోతురాజు కాలికి మేకు దిగితే మొదట దాన్నే తెరిచాం. మీ చీటీ చదివి కట్టు కట్టాను. "నర్సమ్మగారి మరదలంటే సగం నర్సమ్మే" అన్నాడు.

ఈ ఉత్తరం మాత్రం సంతోషంగా మొదలుపెట్టలేకపోతున్నాను. ఇక్కడ ఇప్పుడు పందొమ్మిది ఇళ్ళయ్యాయి. మాకు బస్సు కావాలని అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. పోయిన వారం డిపో నుంచి ఒక ఆఫీసరుగారు జీపులో వచ్చారు. మంచి మనిషి. రోడ్డంతా నడిచి చూశారు.

"రోడ్డు చదును చేసి కంకర పోసుకోండి, బస్సు వేయిస్తాను. కాని చివర బస్సు ఒక్క తిప్పులో తిరగాలి. వెనక్కి నడిపి తిప్పడానికి మాత్రం ఒప్పుకోను. ఇంతమంది పిల్లలున్నారు" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు.

అంత చోటు ఎక్కడుంది? ఆ రోజు సాయంత్రమే వెంకటకృష్ణారావుగారు బ్లూప్రింటు మీద పచ్చరంగుకి అడ్డంగా ఎర్రపెన్సిలుతో గీత గీశారు. ఉయ్యాలలు తీసేసి పార్కులో బస్సు తిప్పాలని. మీటింగు పెట్టారు. బస్సు కావాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. వదినగారూ, మీ తమ్ముడు చెయ్యెత్తారు. పోతురాజుతో కలిసి ఆ మోకు ముడులు బిగించిన చేతినే ఎత్తారు.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తుంటే పళ్ళెం వైపు చూస్తూ, "నవంబరులో నీకు నొప్పులొస్తే మైలుంబావు మంచం మీద మోయించమంటావా?" అన్నారు.

అవును వదినగారూ. నాలుగో నెల. రూతు తరవాత ఇన్నేళ్ళకి. నిలుస్తుందో లేదోనని మీకు కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నాంచారమ్మకి ఈ మీటింగు సంగతి చెప్పాను. మెడ నొప్పిపుట్టేలా గంప మోసే మనిషి, బస్సుతో అందరికంటే ఎక్కువ సుఖపడేది ఆమే. అయినా, "నేను ఇన్నాళ్ళూ నడవలా? ఇంకా నడుస్తా. మా పిల్లలు మీ పిల్లల పక్కన కూచునేది ఆ ఉయ్యాల మీదేనమ్మా. అది పీకేస్తే మళ్ళీ ఎవరి గుమ్మంలో వాళ్ళే" అంది. ఆ మాట విన్నాక నాకు ఏ పక్క మాట్లాడాలో తెలియకుండా పోయింది. ఆయన చెప్పిందీ నిజమే, ఆమె చెప్పిందీ నిజమే.

ఆగస్టు మొదటి ఆదివారం ఆఖరి మీటింగు. ఈ ఉత్తరంలో మిమ్మల్ని అడిగేదేమీ లేదు. ఊరికే చెప్పుకుంటున్నాను.

మీ మార్త


చల్లపల్లి.
16 జూలై 1974

మార్తకి,

ముందు నీ సంగతి. ఆకుకూరలు తిను, పాలు మానకు, బరువులెత్తకు. కాళ్ళు వాస్తే వెంటనే రాయి. నాకు కలిగిన సంతోషం కాగితం మీద రాయడం రాదు. ఆ రోజు డ్యూటీలో ఇద్దరు ఆయాలకి కారణం చెప్పకుండా కాఫీ పోయించాను.

ఇక రెండోది. అడిగేదేమీ లేదు అని రాశావు. నిజంగా అడిగేది లేనివాళ్ళెవరూ ఆ మాట రాయరు. నా ట్రంకు పెట్టెలో ప్లాటు కాగితాలతో పాటు మీ అధ్యక్షుడిగారి బ్లూప్రింటు నకలు కూడా ఉంది. తీసి బల్లమీద పరిచాను. రోడ్డు చివర, మూల మీద, రెండు దారులు కలిసే చోట, ఎవరూ ఇల్లు కట్టని స్థలం ఒక్కటే ఉంది. దాని నెంబరు నలభై ఒకటి. ఇది నీకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. నా స్థలమని ఇద్దరూ నోరు మూసుకున్నారు.

బస్సు తిరగడానికి ఎంత చోటు కావాలో ఎవరూ కొలిచినట్టు లేదు. అంత, ఇంత అని చేతులు చాపి చెప్పుకుంటున్నారు. నేను కాశీరావుని అడిగాను. "నోటితో ఎట్టా చెప్తానండీ, తిప్పి చూపించాలి గాని" అన్నాడు. "అయితే తిప్పు" అన్నాను. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం బస్సు ఇక్కడ ఆగి ఉండే సమయంలో, ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలోకి తీసుకొచ్చాడు.

"నర్సమ్మగారూ, మా ఇంటిదాని మూడు కాన్పులూ మీ చేతిమీదేగా. పదిసార్లు తిప్పమన్నా తిప్పుతా" అన్నాడు.

మూడుసార్లు తిప్పాడు. నేను సున్నం డబ్బా పట్టుకుని ముందు చక్రం వెనకే నడుస్తూ గీత పోశాను. కిటికీల దగ్గర రోగులంతా నిలబడ్డారు. లేవకూడదని నేను చెప్పినవాళ్ళు కూడా లేచారు. పెద్ద డాక్టరుగారు వరండాలోకి వచ్చి, "సంపూర్ణమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నారు. "మా కాలనీకి బస్సు తెస్తున్నానండీ" అన్నాను. మా కాలనీ అనేశానని తరవాత గానీ తట్టలేదు.

అడ్డంగా అరవై రెండు అడుగులు వచ్చింది. రోడ్డు ముప్పై. నా స్థలంలోంచి ముప్పై రెండు అడుగులు ఇస్తే ఉయ్యాల జోలికి ఎవరూ పోనక్కర్లేదు. వెనక నాకు ఇరవై ఎనిమిది మిగులుతుంది. ఒంటరి మనిషిని, రెండు గదులూ వరండా చాలు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఫిబ్రవరిలోనే నా స్థలాన్ని అమ్మడానికి మాటిచ్చే దాకా వెళ్ళాను. వన్ టౌన్ వ్యాపారి ఒకాయన గోడౌను కోసం అడిగాడు. నీ కిటికీ ఎదుట మళ్ళీ గోడౌను పెట్టించబోయానన్నమాట. సంతకం పెట్టాల్సిన కాగితం ఐదు నెలలుగా నా బల్లమీదే ఉంది. నిన్న దాన్ని తిప్పి పంపేశాను.

ఎందుకంటే, మార్తా, ఇరవై తొమ్మిదేళ్ళు ఎడ్లబండి మీద, మంచం మీద మోసుకొచ్చిన ఆడవాళ్ళని చూశాను. గేటు ముందు బస్సు ఆగే చోట కూర్చుని, ఇంత ఆలస్యంగా తెచ్చారేమని వాళ్ళ మీద కేకలేశాను. వాళ్ళ ఊళ్ళో బస్సు ఎందుకు తిరగదో ఒక్కరోజూ అడగలేదు.

దీంతో పాటు సంఘానికి విడిగా ఉత్తరం పెట్టాను. మీటింగులో చదవమను.

సంపూర్ణమ్మ


ప్లాటు నెం. 40, విజయవాడ.
11 ఆగస్టు 1974

వదినగారికి,

మీ ఉత్తరం మీటింగులో నేనే చదివాను. చదవడం అయ్యాక వెంకటకృష్ణారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "స్థలం దానంగా తీసుకోవచ్చని మన బైలాలో లేదు" అన్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "కనక బైలా మారుద్దాం. కాగితం ఇవ్వండి" అన్నారు. అక్కడికక్కడే కూర్చుని స్వయంగా రాశారు. ఆయన చేతిరాత ఎంత బాగుంటుందో మాకు అంతవరకు తెలియదు.

తరవాత అందరం టేపు పట్టుకుని నలభై ఒకటికి వెళ్ళాం. మూడుసార్లు కొలిచారు. మీ లెక్క అంగుళం తేడా లేదు. ఎర్రపెన్సిలు గీతని ఆయనే రబ్బరుతో చెరిపి, రబ్బరు పొడి ఊదేశారు. పార్కు మళ్ళీ పచ్చగా ఉంది.

మీ తమ్ముడు దొడ్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే అంట్లు తోముతున్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన గిన్నె ముట్టుకోవడం అదే మొదలు. "అక్క నా ఫీజు కట్టడం కోసం రెండు చీరలతో ఏడాది గడిపింది. ఇప్పుడు మళ్ళీ..." అని ఆపేశారు. నేను మొదటి పది రోజులు ఏడ్చిన సంగతి అప్పుడు చెప్పేశాను. మీరన్నట్టే, మొద్దు కాదు. ఆయనకి మొదటినుంచీ తెలుసట.

ప్రతి ఆదివారం రోడ్డు పని జరుగుతోంది. సభ్యులూ పాకలవాళ్ళూ ఒకే వరసలో నిలబడి తట్టలు అందించుకుంటున్నారు. అధ్యక్షుడిగారు కూడా పంచె ఎగ్గట్టి పలుగు పట్టారు. పోతురాజు ఆయన చేతిలో పలుగు తిప్పి పెట్టాడు. తలకిందులుగా పట్టుకున్నారు పాపం.

మీ మార్త


చల్లపల్లి.
19 సెప్టెంబరు 1974

మార్తకి,

కార్డులో నువ్వు నాలుగు తట్టలు మోశానని గొప్పగా రాశావు. ఏడో నెలలో తట్టలేమిటి? నాంచారమ్మకి నా మాటగా చెప్పు: నువ్వు తట్ట ముట్టుకుంటే లాక్కుని, నిన్ను నీడలో కూర్చోబెట్టమని. ఆమె నా మాట వింటుంది. నువ్వు వినవు.

సంపూర్ణమ్మ


ఆసుపత్రి, విజయవాడ.
18 నవంబరు 1974

వదినగారికి,

మీ తమ్ముడి టెలిగ్రాం అందే ఉంటుంది. టెలిగ్రాంలో పట్టనివన్నీ పడుకునే రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే క్షమించండి.

అక్టోబరు ఇరవై ఏడున, ఆదివారం, మొదటి బస్సు వచ్చింది. మామిడాకులు కట్టాం. పిల్లలు మెయిన్ రోడ్డు నుంచి బస్సు పక్కనే పరిగెత్తుకొచ్చారు. నలభై ఒకటి దగ్గర డ్రైవరు నెమ్మదిగా స్టీరింగు తిప్పాడు. ఒక్క తిప్పులో తిరిగి, వచ్చిన దారికి మొహం పెట్టి ఆగింది. వెంకటకృష్ణారావుగారు చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి అందరూ కొట్టారు.

కండక్టరు అంతోని పుస్తకం తీసి, "స్టాపు పేరేంటండీ? రాసుకోవాలి" అన్నాడు. అదొక్కటే మేం తేల్చుకోలేదు. ఉద్యోగనగర్ అన్నారు అధ్యక్షుడిగారు. శాంతినగర్ అన్నారు మీ తమ్ముడు. వెనకనుంచి ఇంకో నాలుగు పేర్లు లేచాయి. గొడవ తేలేలా లేదని అంతోని తల పైకెత్తి, ఎదురుగా ఏం కనిపిస్తే అది చూశాడు. పార్కులో ఒక్కో మోకు మీద ఇద్దరేసి పిల్లలు ఊగుతున్నారు. "ఉయ్యాలల స్టాపు" అని రాసుకుని పుస్తకం మూసేశాడు. మరునాటి నుంచి వన్ టౌన్లో అరిచే పేరు అదే. నిన్న నన్ను చూడటానికొచ్చిన ఒకావిడ, మీది ఉయ్యాలల కాలనీయేనా అని అడిగారు. అయిపోయింది వదినగారూ, ఇక మారదు.

మొదటి టికెట్టు నాంచారమ్మకే ఇప్పించాం. కిటికీ పక్కన కూర్చుని గంప ఒళ్ళో పెట్టుకుంది. కింద పెట్టమంటే, "వద్దులేమ్మా, అలవాటు" అంది.

ఇక మొన్న శుక్రవారం. పదకొండు గంటలకి నొప్పులు మొదలయ్యాయి. ఆయన ఆఫీసులో ఉన్నారు. నాంచారమ్మ అప్పుడే చేపలమ్ముకుని బస్సు దిగింది. నా మొహం చూసి, తిరుగుతున్న బస్సుకి ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడింది. అంతోని ఎక్కినవాళ్ళందరితో, "మధ్యలో ఎక్కడా ఆపం, దిగాల్సినవాళ్ళు క్షమించాలి" అన్నాడు. ఒక్కరూ కాదనలేదు. ఆ రోజు సెలవు పెట్టిన వెంకటకృష్ణారావుగారు కూడా అదే బస్సులో ఉన్నారు. ఫుట్‌బోర్డు మీద నిలబడి, బ్లూప్రింటు చుట్ట ఊపుతూ, రిక్షాలనీ బళ్ళనీ పక్కకి తప్పుకోమని ఆసుపత్రి గేటు దాకా అరుస్తూనే ఉన్నారు. నొప్పుల్లో కూడా నాకు నవ్వొచ్చింది.

ఆసుపత్రిలో దిగిన అరగంటకి ఆపరేషనుతో పాప పుట్టింది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమనీ డాక్టరమ్మ తరవాత అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచీ పాపని చూసినప్పుడల్లా ఆ ముప్పై రెండు అడుగులు గుర్తొస్తున్నాయి. ఇంతకంటే రాయలేను.

త్వరగా రండి.

మీ మార్త


చల్లపల్లి.
1 డిసెంబరు 1974

మార్తకి,

నువ్వూ పాపా క్షేమంగా ఇంటికి చేరారని తమ్ముడు రాశాడు. కుట్లు మానేదాకా మెట్లు ఎక్కొద్దు. పాపకి నా ముక్కు వచ్చిందని వాడు సంబరపడుతున్నాడు. ఆ వయసులో అన్ని ముక్కులూ ఒకేలా ఉంటాయి. అయినా వాడితో అనకు.

నేను నీకు ఒక అబద్ధం చెప్పాను. నీ ఉత్తరం అందాక వచ్చిన ఆ శనివారం ఆసుపత్రిలో మిమ్మల్ని చూసి, మధ్యాహ్నం బస్సుకే చల్లపల్లి వెళ్ళిపోతున్నానని చెప్పానుగా. వెళ్ళలేదు. వన్ టౌన్లో నిలబడి సిటీ బస్సెక్కాను. "ఎక్కడికమ్మా?" అన్నాడు అంతోని. "ఉయ్యాలల స్టాపు" అన్నాను. నేనెవరో వాడికి తెలియదు. టికెట్టు చింపి ఇచ్చాడు.

దారి పొడవునా కిటికీలోంచి చూశాను. మీరు పోసిన కంకర, మీరు కొట్టిన ముళ్ళకంప కుప్పలు, సగం లేచిన గోడలు, ఇటికల మీద ఎండేసిన బట్టలు. ఎవరో ఆడమనిషి మొక్కలకి నీళ్ళు పోస్తూ బస్సుకి చెయ్యి ఊపింది. నన్ను కాదు, బస్సుని. నాకు తెలియకుండానే నేనూ ఊపాను.

బస్సు చివరికొచ్చి తిరుగుతుంటే నేలవైపు చూశాను. నా స్థలమే. చక్రాల కింద నున్నగా తయారైంది. ఇచ్చేసిన దాన్ని చూస్తే మనసు కాస్త చివుక్కుమంటుందని భయపడ్డాను. అలాంటిదేమీ కలగలేదు. వెనక మిగిలిన ఇరవై ఎనిమిది అడుగుల్లో నిలబడి వంటిల్లు ఎటు, వరండా ఎటు అని అడుగులు వేసి చూసుకున్నాను. వరండా పార్కు వైపే పెట్టాలి. మేస్త్రీని మాట్లాడమని తమ్ముడికి చెప్పు. ఇక్కడి రెండు గదులూ వద్దన్నాను. ఇల్లు లేచేదాకా మీ ఇంట్లోనే ఉంటాను. ఈ నెల ముప్పై ఒకటిన ఇక్కడ నాకు వీడ్కోలు సభ పెడుతున్నారు. మర్నాడే కాశీరావు బస్సెక్కుతున్నాను.

నాంచారమ్మ నన్ను గుర్తుపట్టింది. "మీరు నర్సమ్మగారు కదూ?" అంది. ఎలా తెలుసని అడిగాను. "సొంత స్థలంలో మనిషే అట్టా అడుగులు కొలుస్తది" అంది. నువ్వు ఇంటికొచ్చాక తనే చెప్తానంటే, వద్దన్నాను. మాటిచ్చింది. నిలబెట్టుకున్నట్టుంది, రూతుని కూడా చెప్పనివ్వలేదన్నమాట.

తరవాత ఇద్దరం పార్కులోకి వెళ్ళాం. పిల్లలు మమ్మల్ని చూసి ఆట ఆపేశారు. రూతు తోటిపిల్లలతో, "మా అత్తయ్య. ఇంజెక్షను ఇస్తుంది" అంది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. దాంతో ఒక ఉయ్యాల ఖాళీ అయ్యింది. నేను కూర్చున్నాను. యూనిఫారం చీరతోనే, సంచీ ఒళ్ళో పెట్టుకుని. కాసేపు ఊరికే కూర్చుందామనే. నాంచారమ్మ వెనకనుంచి ఒక్క తోపు తోసింది.

మార్తా, అక్కణ్ణించి కృష్ణ కనిపిస్తుంది. నేల మీద నిలబడితే కనిపించదు. పైకి లేచినప్పుడు ఒక్క క్షణం మెరుస్తుంది. కిందికొస్తే పోతుంది. మళ్ళీ చూద్దామని మళ్ళీ కాళ్ళు చాపుతాం.

అంతోని ఈల వేశాడు. బస్సు బయలుదేరుతోంది. మళ్ళీ బస్సు నలభై నిమిషాలకి గాని లేదని నాంచారమ్మ చెప్పింది. పిల్లలంతా నేను దిగుతానేమోనని చూస్తున్నారు. అంతోనికి చెయ్యి ఊపి, వెళ్ళిపొమ్మన్నాను.

సంపూర్ణమ్మ